దత్తము కాని హక్కు

1928వ సంవత్సరము నవంబరు మాసమున నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినపుడు ఈ సీమవారు ఒక పేరును విడిచి మరియొక పేరును గ్రహించిరి. విడిచినది దత్తమండలములు, గ్రహించినది రాయలసీమ. చిలుకూరి నారాయణరావుగారు సూచించిన ఆ పేరు సభవారి యామోదమును, పిదప ప్రజల యామోదమును బడసి నేటికిని నిలిచియున్నది. పేరు మారినంతమాత్రమున వానలు పెరుగలేదు, పన్నులు తరుగలేదు. అయినను ఆ మార్పు సామాన్యమైనది కాదు. 1800వ సంవత్సరమున నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి వ్రాసియిచ్చెను. ఇచ్చినవారొకరు, పుచ్చుకొన్నవారొకరు. ఆ నేలమీద బ్రదుకువారిని అడిగినవారు మాత్రము లేరు. తాము పలుకని పలుకుచే, తాము చేయని చేవ్రాలుచే తమ సొత్తు పరాధీనమగుట యెట్టిదో ఈ సీమవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

గ్రంథకర్తలకును ప్రకాశకులకును నడుమ డిజిటల్ హక్కులను గూర్చి పుట్టుచున్న తగవులను విచారించునపుడు మాకు ఆ వృత్తాంతమే మాటిమాటికి స్ఫురించుచున్నది. ఒక గ్రంథకర్త ఇరువదియేండ్ల క్రిందట తన నవలను వేయి ప్రతులు అచ్చువేయుటకు ప్రకాశకునకు ఇచ్చెననుకొందము. నాడు ఇరువురి మనస్సులయందును ఉన్నవి కాగితము, సిరా, అట్ట, అంగడి, అంతే. నేడు ఆ నవలను జనులు ఫోనులో చదువుచున్నారు. ప్రయాణములలో చెవితో వినుచున్నారు. అందుకు సొమ్ము చెల్లించుచున్నారు. ఈ క్రొత్త రూపములను ఎవరు ఎవరికి ఇచ్చిరి? గ్రంథకర్త తా నీయలేదనును. ప్రకాశకుడు పుస్తకపు లోపలి పుటను విప్పి “సర్వహక్కులు ప్రకాశకులవి” అను పంక్తిని చూపును. ఆ రెండు మాటలు గ్రంథకర్త వ్రాసినవి కావు. అచ్చు ముగిసి పుస్తకము చేతికి వచ్చువరకు ఆయన చూచినవియు కాకపోవచ్చును. అచ్చుకూటమున అలవాటుగా కూర్చిన ఆ రెండు మాటలలో, నాటికి పుట్టని లోకమంతయు ఇమిడియున్నదని నేడు వాదించుచున్నారు.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. పేరుపెట్టి, వ్రాసి యీయని హక్కు ఈయని హక్కే. అది గ్రంథకర్తది, ఆయన యనంతరము ఆయన వారసులది. అయితే హక్కు తనదైనంతమాత్రమున గ్రంథకర్త కృతార్థుడు కాడు. ఆ హక్కును వాడుకలో పెట్టి గ్రంథమును పాఠకునకు అందించు బాధ్యత గూడ ఆయన నెత్తిమీదనే యున్నది.

ఇది కొందరు రచయితల చిల్లర లెక్కల వ్యవహారమని తలచువారు గలరు. ఆ తలంపు సరికాదు. తెలుగున వేయి ప్రతుల ముద్రణము సాధారణము. ఆ వేయియు చెల్లిన పిదప పెక్కు గ్రంథములు మరల అచ్చుమొగము చూడవు. పాత పుస్తకముల దుకాణములలోనో, చెదలు పట్టిన బీరువాలలోనో అవి అడగిపోవును. అట్టి గ్రంథమునకు మిగిలిన ప్రాణము డిజిటల్ రూపమే. కాబట్టి ఆ రూపముపై హక్కు ఎవరిదని తేల్చుటయనగా, ఆ గ్రంథమునకు ఊపిరి పోయుటయో తీయుటయో ఎవరి చేతిలో నున్నదని తేల్చుటయే.

మన పూర్వులకు ఒక మర్యాద యుండెను. కవి తన కృతిని కన్యకగా భావించి కృతిభర్తకు అంకితమొసగెడివాడు. ఆ గౌరవము నంద్యాల నేలినవారికిని దక్కినది. పదునారవ శతాబ్దమున పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకు అంకితము చేసెను. రాజునకు కీర్తి, కవికి సత్కారము లభించెను. కాని కృతిభర్తృత్వమనగా ఆ కావ్యపు ప్రతులన్నిటిపై గుత్తాధికారమని నాటివారు తలపలేదు. అచ్చుయంత్రము వచ్చిన పిదప ప్రకాశకుడు వచ్చి కృతిభర్త పీటపై కూర్చుండెను. ఆయన పెట్టుబడి పెట్టుచున్నాడు, నష్టమునకు ఓర్చుచున్నాడు, ఆ పీట ఆయనకు తగినదే. కాని కన్యాదానమునకు లగ్నపత్రిక యుండును, సాక్షులుందురు. నేటి కృతిదానమునకు పలుతావుల ఒక తెల్లకాగితమైనను లేదు.

ఇంకను తేటగా తెలియవలెనన్న నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోయి అచటి శిల్పుల పనిని చూడవలెను. వారు మలచిన దేవతామూర్తులు దూరప్రాంతముల ఆలయములకు సయితము తరలిపోవుచున్నవి. మూర్తిని కొన్నవాడు దానిని ప్రతిష్ఠించుకొనవచ్చును, పూజింపవచ్చును, ఇతరులకు అమ్ముకొనవచ్చును. కాని శిల్పి తన బుద్ధితో కల్పించిన రూపమునకు అచ్చుతీసి వేయి ప్రతిమలు పోతపోసి అమ్ముకొనుటకు, రాతి వెల చెల్లించినంతమాత్రమున అధికారము రాదు. వస్తువు వేరు, ఆ వస్తువును మరల మరల కల్పించు హక్కు వేరు. రాతి విషయమున శీఘ్రముగా బోధపడు ఈ భేదము పుస్తకము దగ్గరకు వచ్చుసరికి పెద్దలకు గూడ మరుగుపడుచున్నది.

ఒకే రచన వేర్వేరు వాహనముల నెక్కుట మనకు క్రొత్తకాదు. ఆళ్లగడ్డ చెంతనున్న అహోబిలపు మఠమునకు ఆద్యుడైన శఠగోపయతి యొద్ద అన్నమాచార్యుడు వేదాంతమభ్యసించెనని ప్రసిద్ధి. ఆయన సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలోని భాండారమున శతాబ్దములు నిలిచినవి. ఇరువదవ శతాబ్దమున అచ్చునకు, పిదప ధ్వనిముద్రికలకు ఎక్కినవి. నేడు ఫోనులలో మ్రోగుచున్నవి. పదమదే, వాహనములు నాలుగు. ఒక్కొక్క వాహనమునకు వేరు శ్రమ, వేరు వ్యయము, వేరు రాబడి. అన్నమయ్య పదములపై నేడు ఎవరికిని గుత్త లేదు గనుక తగవు లేదు. జీవించియున్న రచయిత విషయమునను, మరణించి అరువదియేండ్లు గడువని రచయిత విషయమునను, ఏ వాహనము ఎవరికి ఇయ్యబడినదని అడుగక తప్పదు.

ఈ అరువదియేండ్ల మాటకు నంద్యాలతో ఒక సంబంధము గలదు. 1991 నవంబరులో నంద్యాల ఉపయెన్నికయందు ఐదులక్షలకు మించిన ఆధిక్యముతో లోకసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావుగారు అప్పటికే ప్రధానమంత్రి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చిన అనువాదకుడు. ఆ సంవత్సరాంతముతో రవీంద్రనాథ ఠాకూరు రచనలపై గ్రంథస్వామ్యము ముగియవలసియుండెను. అట్టి సమయమున, మరణానంతరము 50 ఏండ్లుగా నున్న హక్కును ఆయన ప్రభుత్వము 60 ఏండ్లకు పొడిగించెను. 1992లో అది చట్టమైనది. ఆ పొడిగింపు వలననే విశ్వనాథవారి రచనలపై వారసుల హక్కు 2036 చివరవరకును, శ్రీశ్రీ రచనలపై 2043 చివరవరకును నిలుచును. ఆ ప్రభుత్వమే 1994లో 1957 నాటి కాపీరైటు చట్టమును మరల సవరించి, రచనను ఎలెక్ట్రానిక్ విధమున ఏ మాధ్యమమునందైనను నిలువచేయుట గూడ ప్రతి తీయుటయేయని స్పష్టపరచెను. ఆ సవరణ 1995 మే 10వ తేదీన అమలునకు వచ్చెను. కాబట్టి డిజిటల్ ప్రతి కాపీరైటునకు వెలియని చెప్పుటకు నాటినుండియు వీలులేదు.

ఆ హక్కు ఎవరిదను ప్రశ్నకు 2012 నాటి సవరణ సమాధానము చెప్పినది. ఒడంబడిక వ్రాసికొన్న నాటికి లేని మాధ్యమమునకు గాని, వాణిజ్యపు వాడుకలో లేని మాధ్యమమునకు గాని, దానిని ప్రత్యేకముగా పేర్కొననిచో, ఆ ఒడంబడిక వర్తింపదని చట్టము 18వ విభాగమున చేరిన మాటల సారాంశము. 2012 జూన్ 21 నుండి ఇది అమలులో నున్నది. అంతకు పూర్వపు పత్రములకు ఇది ఎంతవరకు వర్తించునని న్యాయవాదులు వాదించుకొనవచ్చును. అచట పత్రములోని మాటలే ప్రధానములు. కాని ఈ మాటల వెనుకనున్న న్యాయబుద్ధి సుస్పష్టము: మనిషి తాను ఎరుగనిదానిని ఇచ్చెననుట ధర్మము కాదు.

19వ విభాగము ఇంకను ముఖ్యమైనది; మన రచయితలలో దానిని చదివినవారు మాత్రము కొలదిమంది. హక్కును బదిలీచేయు పత్రము వ్రాతమూలకముగా నుండవలెను, ఇచ్చువాని చేవ్రాలుండవలెను. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలము, ఏ దేశములలో, ఎంత రాయల్టీ అను సంగతులను పేర్కొనవలెను. కాలము చెప్పనిచో ఐదు సంవత్సరములేయని భావింపవలెను. దేశము చెప్పనిచో భారతదేశము మాత్రమే. పుచ్చుకొన్నవాడు ఏడాదిలోపల ఆ హక్కును వాడనిచో, పత్రమున వేరువిధముగా లేనంతవరకు, అది రద్దగును. నోటిమాట నీటిమూటయని మనవారనిరి. చట్టము గూడ అదే చెప్పుచున్నది. పత్రమే లేనిచోట, పుస్తకముపై అచ్చైన “సర్వహక్కులు” అను మాట బదిలీపత్రము కానేరదు.

ఇతర దేశములవారు ఈ త్రోవలో మనకంటె ముందు నడచిరి. వారి అనుభవము మనకు పనికివచ్చును. 2001వ సంవత్సరమున న్యూయార్కులో రాండమ్ హౌస్ అను పెద్ద ప్రచురణసంస్థ, రోసెట్టా బుక్స్ అను చిన్న సంస్థపై వ్యాజ్యము వేసెను. విలియం స్టైరన్, కర్ట్ వొనెగట్, రాబర్ట్ పార్కర్ అను మువ్వురు రచయితలు తమ పాత నవలల డిజిటల్ హక్కులను ఆ చిన్న సంస్థకు ఇచ్చియుండిరి. పాత ఒడంబడికలలో నున్నది “పుస్తక రూపమున” అచ్చువేసి అమ్ముటకు అధికారము. తెరపై చదువు ప్రతి ఆ మాటలలో ఇముడదని న్యాయమూర్తి సిడ్నీ స్టైన్ తలచి, రాండమ్ హౌస్ కోరిన నిషేధాజ్ఞను నిరాకరించెను. 2002లో పైకోర్టు ఆ నిరాకరణను సమర్థించెను. ఆ యేటి చివర ఉభయులును రాజీపడిరి.

దీనిని జూచి రచయితలందరికిని జయమేయని సంతోషింపరాదు. జీన్ క్రెయిగ్‌హెడ్ జార్జ్ అను రచయిత్రి 1971లో వ్రాసికొన్న ఒడంబడికలో, అప్పటికి తెలిసినవిగాని ఇకముందు కనుగొనబడునవిగాని అగు ఎలెక్ట్రానిక్ సాధనములను గూర్చిన మాటలుండెను. ఆమె బాలల నవలను ఓపెన్ రోడ్ అను సంస్థ ఈ-పుస్తకముగా వెలువరింపగా, మొదటి ప్రకాశకులైన హార్పర్ కాలిన్స్ వారు వ్యాజ్యమునకు దిగిరి. 2014లో తీర్పు వారికే అనుకూలమైనది. రెండు వ్యాజ్యములు, రెండు ఫలితములు. నడుమనున్న భేదమంతయు పత్రములోని కొలదిమాటలే. కంప్యూటరు ఇండ్లలోనికి రాకమునుపు వ్రాసిన ఒక్క వాక్యము నలువదియేండ్ల పిదప పుస్తకపు భాగ్యమును నిర్ణయించినది. చేవ్రాలు చేయునపుడు చదువని వాక్యము ఆ పిదప మనలను విడువదు.

మన వారపత్రికలలో ధారావాహికలు వ్రాసినవారు తెలిసికొనవలసిన తీర్పు మరియొకటి గలదు. పత్రికలో అచ్చువేయుటకు స్వతంత్ర రచయితలిచ్చిన వ్యాసములను, వారి యనుమతి లేక ఎలెక్ట్రానిక్ భాండారములలో విడివిడిగా చేర్చుట చెల్లదని 2001లో అమెరికా సుప్రీమ్‌కోర్టు న్యూయార్కు టైమ్స్ వ్యాజ్యమున తీర్పుచెప్పెను. తెలుగు నవల చాలవరకు వారపత్రికల యొడిలో పెరిగినది. పత్రికకు ఒకమారు అచ్చువేయుటకిచ్చిన కథ, ఆ పత్రికకు శాశ్వతముగా దత్తమైనదని తలచుట మన దేశమునందును సరికాదు. దానికి గూడ వ్రాతయే ఆధారము.

ఇక ప్రకాశకుల వాదమును గూడ వినవలెను. వారు చెప్పునది తోసివేయదగినది కాదు. పేరులేని రచయితను మొదట నమ్మినవారు వారు. దిద్దినవారు, బొమ్మ వేయించినవారు, అరువుపై అంగళ్లకు పంపి బాకీలు రాక విసిగినవారు వారు. చిరకాలము తెలుగు పుటలను అను మొదలగు లిపులతో కూర్చిరి. అచ్చునకు అవి చక్కగా పనికివచ్చినను యూనికోడ్ కానందున, ఫోనులో వెదకుటకును, అక్షరము పెద్దదిచేసి చదువుటకును అక్కరకు రావు. వానిని మార్చి, మార్చునపుడు దొరలిన తప్పులను పుటపుట దిద్దవలసియుండును. ఇంతయు చేసి ఈ-పుస్తకము పెట్టిన మరునాడే దాని పీడీఎఫ్ ఊరూర తిరిగినచో ఆ వ్యయము ఎవరు తీర్తురు? పేరు తెచ్చిపెట్టిన పిదప రచయిత డిజిటల్ హక్కును మరియొకరికి అమ్ముకొనుట కృతఘ్నత కాదా? ఇవి వారి ప్రశ్నలు.

వీనికి మా సమాధానము ఇది. శ్రమకు ఫలమియ్యవలెను, కాని శ్రమ చేసితినని చెప్పి అడుగక పుచ్చుకొనరాదు. మడి దున్నిన పాలికాపునకు పాలు దక్కును, పట్టా దక్కదు. పుటలు కూర్చిన ప్రతి ప్రకాశకుని సొత్తు కావచ్చును. అందులోని రచన ఆయన సొత్తు కాదు. తాను సిద్ధపరచిన ప్రతికి వెల కోరుటకును, డిజిటల్ ముద్రణమునకు మొదటి అవకాశము తనకే యిమ్మని అడుగుటకును ఆయనకు ధర్మమైన కారణములున్నవి. అడుగవలెను, వ్రాసికొనవలెను. ఆ యడుగుటయందు అవమానమేమున్నది? పాత ఒడంబడికలున్న ప్రకాశకులు ఒక్క ఉత్తరము వ్రాసి, ఒక్క అదనపు పత్రము పుచ్చుకొన్నచో ఈ తగవులలో సగము పుట్టకపోవును.

ఎంత పాలు అనునది తరువాతి ప్రశ్న. పాశ్చాత్య దేశములలో పెద్ద ప్రకాశకులు ఈ-పుస్తకముపై తమకు నికరముగా చేరిన సొమ్ములో నూటికి 25 వంతులు రచయితకిచ్చు వాడుకను నెలకొల్పిరి. సగమీయవలెనని అమెరికా రచయితల సంఘము చాలకాలముగా వాదించుచున్నది. ఈ-పుస్తకమునకు కాగితము లేదు, గిడ్డంగి లేదు, చెల్లక తిరిగివచ్చు ప్రతులు లేవు. కావున అచ్చుపుస్తకపు రాయల్టీనే దీనికిని అంటగట్టుట న్యాయము కాదు. సగపాలే న్యాయమునకు దగ్గరగా నున్నదని మా తలంపు. ప్రకాశకుడు అదనముగా చేసిన పనినిబట్టి అందులో కొంత హెచ్చుతగ్గులు చేసికొనవచ్చును.

ఆడియో పుస్తకము మాట విడిగా చెప్పవలసియున్నది. 2012 సవరణ సినిమా పాటల రచయితలకు గొప్ప మేలుచేసినది: తమ రచనకు రావలసిన రాయల్టీ హక్కును వారు వదలుకొనుటకు గూడ వీలులేకుండ చేసినది. ధ్వనిముద్రణమున చేరిన సాహిత్య రచనలకు గూడ అట్టి రక్షణమును ప్రసాదించినది. చదివి ముద్రించిన నవల గూడ ధ్వనిముద్రణమే గదా! కావున ఒక్క మొత్తము చేతిలో పెట్టి ఆడియో హక్కును శాశ్వతముగా కొనుచున్నామనువారు ఈ నియమమును చూచికొనవలెను. కాని కేవలము అచ్చునకును, ఈ-పుస్తకమునకును వ్రాయువానికి అట్టి రక్షణము చట్టమున లేదు. పాట వ్రాసినవానికి తగిన కవచము నవల వ్రాసినవానికి తగదా? శాసనకర్తలు దీనిని ఆలోచింపవలెను.

ముందు రానున్న మాధ్యమములను ఎవరూహింపగలరు? 2025వ సంవత్సరమున అమెరికాలో ఆంథ్రోపిక్ అను కృత్రిమమేధ సంస్థ, దొంగప్రతుల భాండారములనుండి పుస్తకములను తెచ్చుకొన్న విషయమై రచయితలు వేసిన వ్యాజ్యమున 150 కోట్ల డాలర్ల పరిష్కారమునకు ఒప్పుకొనెను. వెంటనే పుట్టిన ప్రశ్న యేది? ఒక్కొక్క పుస్తకమునకు వచ్చు సొమ్ములో రచయితకెంత, ప్రకాశకునకెంత అనునదే. ఆ పుస్తకములలో పెక్కింటికి ఒడంబడికలు వ్రాసికొన్ననాడు, యంత్రము పుస్తకము చదివి భాష నేర్చుకొనునని ఉభయులలో ఎవరును కలగనియుండరు. పేరులేని హక్కును నేడు ఉపేక్షించినచో, రేపు దానికి వెల పుట్టినపుడు తగవు తప్పదు.

ఈ తగవులవలన అందరికంటె నష్టపడువాడు పాఠకుడు. రచయిత ఒప్పుకొనడు, ప్రకాశకుడు విడువడు. పుస్తకము ఎచటను దొరకదు. దొరకనిచోట దొంగప్రతి పుట్టును. భారతీయ డిజిటల్ గ్రంథాలయము అను మహాప్రయత్నము తెలుగు పుస్తకములను వేలకొలది ప్రతిబింబములుగా నిలువచేసినది. అందు హక్కులు తీరినవి, తీరనివి కలిసిపోయినవి. 2017లో హక్కుల ఉల్లంఘన చిక్కులచే ఆ ద్వారము మూతపడెను. తీరని హక్కులతోపాటు తీరిన హక్కులు గల ప్రాచీన గ్రంథములకు గూడ ఆ ద్వారమున త్రోవ లేకపోయెను. లెక్క సరిగా వ్రాయని యింట ఉన్న ధనము గూడ అక్కరకు రాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తెలుగు భాషకు కలిగిన కొరత ఇంకొకటి. 2010 ప్రాంతముననే హైదరాబాదున కినిగె అను తెలుగు ఈ-పుస్తకముల అంగడి వెలసినది, ముందడుగు మనదే. అయినను 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకములను ప్రవేశపెట్టినపుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదింటినే గైకొనెను. కోట్లమంది మాటలాడు తెలుగు ఆ ఐదింటిలో లేదు. దానికి కారణములు ఏవైనను, హక్కులు తేలిన మంచి పుస్తకములు వేలకొలది సిద్ధముగా నున్న భాషను ఏ వర్తకుడైనను తేలికగా కాదనలేడు. మనము ఇంట పోరాడుకొనుచుండగా వీధిలో మన బండికి చోటు పోవుచున్నది.

కన్ను కానరాని పాఠకుని గూడ తలపవలెను. యూనికోడ్ రూపమున నున్న తెలుగు పుస్తకమును ఫోను చదివి వినిపింపగలదు. ఛాయాచిత్రమువంటి ప్రతిని అట్లు చదువుట కష్టము. అట్టివారికొరకు చదువదగిన ప్రతులు చేయుటకు 2012 సవరణ ప్రత్యేకముగా అనుమతించినది. 2013 నాటి మర్రకేష్ ఒప్పందమును మొదట ధ్రువీకరించిన దేశము మనది. 2014లోనే ఆ పని చేసితిమి. చట్టము తలుపు తెరచినది. మంచి డిజిటల్ ప్రతులను సిద్ధముచేయువారు కావలెను.

కర్తవ్యమేమి? రచయితలకు మొదటి మాట. ఉన్న పత్రములను బీరువాలనుండి తీసి చదువుడు. ఏ పుస్తకము, ఎవరికి, ఏనాడు, ఎంతకాలమునకు ఇచ్చితిరో ఒక పుస్తకమున వ్రాసిపెట్టుడు. పత్రము లేనిచో లేదని వ్రాయుడు. మీ తరువాత ఎవరు వారసులో, ఎవరి యనుమతి కోరవలెనో స్పష్టముగా నిర్ణయింపుడు. రచయిత గతించిన పిదప నలుగురు వారసులు నాలుగు దిక్కుల నుండి, ఒకరి చేవ్రాలు దొరకక పుస్తకము మూలపడుట కంటె దుఃఖకరమేమున్నది? క్రొత్త పత్రములలో అచ్చు, ఈ-పుస్తకము, ఆడియో, అనువాదము, సినిమా, యంత్రశిక్షణ అనువానిని వేర్వేరు పంక్తులలో వ్రాయింపుడు. “ఇకముందు కనుగొనబడు సర్వ మాధ్యమములు” అను మాట కనబడినచోట కలమును ఆపుడు.

ప్రకాశకులకు రెండవ మాట. కాలమితి పెట్టుడు, ఏటేట లెక్క చూపుడు, అమ్మిన ప్రతుల సంఖ్యను రచయితకు తెలుపుడు. డిజిటల్ అంగడినుండి వచ్చు లెక్క ప్రతి యొక్కటి యంత్రమున నమోదగుచున్నది గదా. దానిని దాచుటకు కారణము లేదు. రెండు మూడేండ్లు పుస్తకము అచ్చున గాని తెరపై గాని లేనిచో హక్కు తిరిగి రచయితకు చేరునని పత్రముననే వ్రాయుడు. ఇట్లు చేసిన ప్రకాశకుని విడిచి పోవు రచయిత యుండడు.

ఇక ప్రభుత్వమునకు, ప్రజలకు. ఒకనాడు ఈ తగవులు విచారించుటకు కాపీరైటు బోర్డుండెను. 2017లో దాని పని మరియొక ట్రిబ్యునలునకు పోయెను. 2021లో ఆ ట్రిబ్యునలు గూడ రద్దయి భారమంతయు న్యాయస్థానములపై పడెను. కొలది రూపాయల రాయల్టీకై ఆళ్లగడ్డ రచయిత వకీలును పెట్టుకొని ఎన్ని వాయిదాలు తిరుగగలడు? రచయితలు, ప్రకాశకులు, న్యాయవేత్తలు కలసిన మధ్యవర్తి మండలి యొకటి తెలుగునకు కావలెను. తెలుగున ఒక మాదిరి ఒడంబడిక కావలెను. ఇంగ్లీషు పత్రముపై చేవ్రాలు చేయు తెలుగు రచయిత దత్తమండలపు రైతువంటివాడే. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల స్వయముగా జిల్లాకేంద్రమైనది. నంద్యాల, ఆళ్లగడ్డ గ్రంథాలయములవారు తమ ప్రాంతపు రచయితల పుస్తకములకు హక్కుదారులెవరో తెలుపు పట్టిక తయారుచేసి, న్యాయముగా కొన్న డిజిటల్ ప్రతులను పాఠకులకు అందించినచో రాష్ట్రమంతటికిని త్రోవ చూపినవారగుదురు. ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు, పట్టుదల చాలును.

పాఠకులకు ఒక్క మాట. చేతికి ఉచితముగా వచ్చిన పీడీఎఫ్‌ను పదిమందికి పంపుట సాహిత్యసేవయని కొందరు తలచుచున్నారు. గ్రంథస్వామ్యము తీరిన పుస్తకమైనచో అది సేవయే. తీరనిదైనచో ఆ పంపిన వ్రేలు రచయిత కంచములోనిది తీయుచున్నది. రచయితకు న్యాయము చేయవలెనని ప్రకాశకుని నిలదీయుటకు, తాను వెల చెల్లించిన పాఠకునకే నోరుండును.

1928లో నంద్యాల సభవారు పేరు మార్చుకొనుటకు ఎవరి యనుమతిని కోరలేదు. తమది తమదేయని చెప్పుకొనుటకు ఇతరుల చేవ్రాలు వలయునా? తెలుగు రచయితలకు నేడు చట్టము చాలవరకు తోడున్నది. కావలసినది దానిని చదువు కన్ను, అడుగు నోరు, వ్రాసికొను చేయి. ప్రకాశకులు పగవారు కారు. ఒకే బండికి పూన్చిన రెండవ యెద్దులు. కాడి సమముగా నున్నపుడే బండి సాగును. ఈ సంవత్సరము వెలువడు ప్రతి తెలుగు పుస్తకమునకును వెనుక ఒక స్పష్టమైన పత్రముండునట్లు ఉభయులును ఇప్పుడే పూనుకొందురుగాక.